పోటీ పరీక్షలు – మన పఠనాలయములు

ఉద్యోగ ప్రకటన యొకటి వెలువడినంతనే మన పట్టణములలోని పట్టభద్రులు చేయు మొదటి పని పుస్తకము తెరచుట కాదు. పెట్టె సర్దుకొని హైదరాబాదు బస్సెక్కుట. సూర్యాపేటవారనక, కోదాడవారనక, మిర్యాలగూడవారనక ఈ విషయమున అందరిదియు నొకే దారి. అశోకనగరు, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగరు పేటల యిరుకు గదులలో మన యువజనుల వయస్సు ఎంత గడచిపోయినదో లెక్క వ్రాసినవారు లేరు. గదికి నలుగురు, మంచమున కింత యద్దె, రెండుపూటల మెస్సు భోజనము, తరగతి కొక రుసుము, అచ్చు నోట్సునకు వేరొక రుసుము. ఈ వ్యయమంతయు ఎక్కడినుండి వచ్చుచున్నది? సాగరు ఎడమకాలువ క్రింద రెండెకరముల వరిపొలము చేయు తండ్రి ధాన్యపు సొమ్మునుండి. కుట్టుమిషను ముందు రాత్రి పదిగంటలవరకు కూర్చుండు తల్లి సంపాదననుండి.

వెళ్లవద్దని మేము చెప్పము. రాజధానిలో మంచి గ్రంథాలయములున్నవి, మంచి బోధకులున్నారు. వెళ్లగలవారు వెళ్లుదురు గాక. కాని వెళ్లక తప్పదను స్థితి యేర్పడుట మాత్రము యువకుల లోపము కాదు, పట్టణముల లోపము. న్యాయస్థానములు, కళాశాలలు, బ్యాంకులు, బియ్యపుమిల్లులు, సిమెంటు కర్మాగారములు గల ప్రాంతమున, రాజ్యాంగమును గూర్చియు అర్థశాస్త్రమును గూర్చియు నాలుగు మంచి పుస్తకములను ఒకేచోట నుంచి, ఒక విద్యార్థిని ఆరునెలలు నెమ్మదిగా కూర్చుండబెట్టి చదివించు వసతి లేదనిన, సిగ్గుపడవలసినవారము పెద్దలమైన మనమే.

మొదట కథాక్రమమును కొంచెము చెప్పవలెను. నీళ్లు, నిధులు, నియామకములు అను మూడు మాటలను గోడలపై వ్రాసి మనము రాష్ట్రమును సాధించుకొంటిమి. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడెను. ఆ మూడవ మాటలో అగ్రస్థానము వహించు గ్రూపు-1 ఉద్యోగములకు మొదటి ప్రకటన వెలువడుటకు 2022 ఏప్రిలు వరకు పట్టెను, ఉద్యోగములు 503. ఆ యేడు అక్టోబరు 16న ప్రిలిమ్సు జరిగెను. ప్రశ్నపత్రములు ముందే బయటికి పొక్కిన సంగతి తేలి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయ్యెను. జూన్ 11న మరల జరిగెను. అభ్యర్థుల వ్రేలిముద్రలు తీసికొనకపోవుట మొదలగు లోపములు ఎత్తిచూపబడగా సెప్టెంబరులో హైకోర్టు దానినిగూడ రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన. జూన్ 9న ముమ్మారవ ప్రిలిమ్సు. అక్టోబరు 21 మొదలు 27 వరకు మెయిన్సు. దరఖాస్తులు నాలుగు లక్షలకు పైబడెను. మెయిన్సునకు అర్హులుగా ఎన్నబడినవారు 31,382 మంది. 2025 సెప్టెంబరు 9న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము మెయిన్సు ఫలితములను కొట్టివేసి మరల దిద్దవలెనని ఆదేశించెను. అదే నెల 24న ద్విసభ్య ధర్మాసనము ఆ తీర్పును నిలిపివేసెను. ఆ వెంటనే నియామక పత్రములు పంచబడెను.

న్యాయస్థానము చూచిన వ్యవహారము గనుక దాని గుణదోషములను ఇచ్చట విమర్శింపబోము. ఆ వ్యాజ్యమున వినవచ్చిన వాదములలో నొకటిమాత్రము మన పఠనాలయములలో చర్చింపదగినది. తెలుగున వ్రాసినవారి సమాధానములు సరిగా దిద్దబడలేదని అభ్యర్థులు వాపోయిరి. అది నిజమైనను కాకున్నను, అట్టి అనుమానము వేలకొలది యువకుల మనస్సులలో నాటుకొని యుండుటయే యొక సంగతి. తెలుగు చదువరి పరీక్షలోనికి పోవుచున్నపుడే తాను ఓడినవాడనని తలచుకొని పోవుచున్నాడు.

పరీక్షలో ఏ విషయమున కెన్ని మార్కులు, ఏ భాషకు ఎంత చోటు అను ప్రశ్న గుమాస్తాల ప్రశ్న కాదు. అది రాజకీయ ప్రశ్న. 1854లో మెకాలే అధ్యక్షతగల సంఘము సివిలు సర్వీసు పోటీపరీక్షకు విషయముల పట్టిక తయారుచేసినది. అందు ఇంగ్లీషు భాషకును, సాహిత్యచరిత్రములకును కలిపి 1,500 మార్కులు. గ్రీకునకు 750, లాటినునకు 750. సంస్కృతమునకు 375, అరబ్బీకి 375. మన దేశభాషలకు ఆ పట్టికలో చోటే లేదు. పరిపాలింపబోవునది హిందూదేశమును, పరీక్షింపబడునది ఏథెన్సు, రోము నగరముల పాండిత్యము! ద్వారము తెరచియున్నదని ప్రకటించుచునే, గడప నెంత ఎత్తున కట్టవచ్చునో ఆ పట్టిక చూచిన తెలియును. అంతటి గడపను దాటి 1863లో సత్యేంద్రనాథ ఠాగూరు మొదటి భారతీయుడుగా లోపలికి పోయెను. 1876లో వయఃపరిమితిని 21 నుండి 19 ఏండ్లకు తగ్గింపగా సురేంద్రనాథ బెనర్జీ దేశమంతట తిరిగి సభలు జరిపెను. లండనులో జరుగు పరీక్ష ఇండియాలోను ఏకకాలమున జరుగవలెనని దాదాభాయి నౌరోజీ మొదలగువారు దశాబ్దములు పోరాడిరి; 1893లో కామన్సు సభ తీర్మానించినను అది కాగితముననే నిలిచెను. అలహాబాదులో పరీక్ష జరుగుటకు 1922 రావలసివచ్చెను. ఆ రెండేండ్ల ముందే సుభాస చంద్రబోసు నాల్గవస్థానమున నెగ్గి, 1921లో ఆ కొలువును త్యజించి వచ్చెను. దేశీయోద్యమపు మొదటి పాఠములు కొన్ని ఈ పరీక్షపు పట్టికనుండియే మనవారు నేర్చుకొనిరనుట కిది నిదర్శనము.

నేటి యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షను ఆ పాతపరీక్షతో పోల్చుట న్యాయము కాదు. 1979 నుండి మెయిన్సు సమాధానములను రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషయందైనను వ్రాయవచ్చును; తెలుగు సాహిత్యమును ఐచ్ఛిక విషయముగా తీసికొనవచ్చును. ఇది గొప్ప లాభమే. అయినను భాషాసాహిత్య పత్రములు తప్ప ప్రశ్నపత్రములు హిందీలోను ఇంగ్లీషులోను మాత్రమే అచ్చగుచున్నవి. కాశీలోని విద్యార్థి ప్రశ్నను తన భాషలో చదివి తన భాషలో వ్రాయును. కోదాడ విద్యార్థి ప్రశ్నను పరభాషలో చదివి, మనస్సున అనువదించుకొని, తన భాషలో వ్రాయవలెను. గడియారము ఇద్దరికిని ఒక్కటే. 750కిని 375కును గల తారతమ్యము ఇంకను కొంత మిగిలియున్నదనుట అతిశయోక్తి కాదు. మన రాష్ట్రపు కమిషను ప్రశ్నలను తెలుగునను అచ్చువేయుచున్నది. కాని ఆ తెలుగు పలుమారులు ఇంగ్లీషు మాటలకు నిఘంటువు తెరచి పేర్చిన తెలుగు. ఇంగ్లీషు ప్రశ్నను చూచి తెలుగు ప్రశ్నను అర్థము చేసికొనవలసిన దుస్థితిని అభ్యర్థులందరు ఎరుగుదురు.

దీనికి మందు ఏది? ఆ మందును మొట్టమొదట నూరినవారిలో నొకడు మన ప్రాంతముతో సంబంధము గలవాడే. కోదాడనుండి సూర్యాపేటకు పోవు జాతీయ రహదారిపై మునగాల యున్నది. చుట్టును నిజాము రాజ్యము ఆవరించియుండగా, తాను మాత్రము మద్రాసు రాష్ట్రపు కృష్ణాజిల్లాకు చెందియుండిన పరగణా అది. దాని జమీందారు నాయని వెంకటరంగారావు. దివాను కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించుటలోను, 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పుటలోను ఈ జమీందారును ఈ దివానును ముందున్నవారు. మండలి ఉద్దేశము సూటియైనది: చరిత్రము, జీవశాస్త్రము, రసాయనము, పదార్థవిజ్ఞానము, అర్థశాస్త్రము, ఇట్లు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క తెలుగు గ్రంథము ఉండవలెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసెను. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రమును, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమును, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రమును వ్రాసిరి. అంతటితో నిలువక ఆ విషయములందు పోటీపరీక్షలు పెట్టి బహుమతు లిచ్చిరి! ఉద్యోగమాశించి కాదు, విషయము నేర్చుటకే పోటీపడిన కాలము మన భాషలోనే యుండెను. ఇప్పుడు మునగాలమీదుగా దినమునకు వందల బస్సులు పోవుచున్నవి. వానిలో విద్యార్థులు ఎందరో. దివాను పేరు వారిలో ఎందరికి తెలియునో.

నిజాము ప్రభుత్వమును మనము నిందింపవలసిన సందర్భములు అనేకము గలవు. కాని ఒక విషయమున వారు క్రమము తప్పలేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమమున తెరచుటకు ముందే, 1917లో అనువాదశాఖను నెలకొల్పి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెప్పించిరి. ముందు పుస్తకము, పిదప తరగతి. రాజ్యమున అధికసంఖ్యాకుల భాష తెలుగు కాగా ఆ భాగ్యము ఉర్దూకు దక్కుట వేరు సంగతి; పద్ధతి మాత్రము సరియైనది. మనకు 1968లో తెలుగు అకాడమీ వచ్చెను. దాని విషయగ్రంథములే నేటికిని తెలుగు అభ్యర్థికి ఆధారములు. అవి కాలానుగుణముగా మారుచుండవలెను, దుకాణములలో దొరకుచుండవలెను. ప్రకటన వెలువడిన నెలలో అకాడమీ పుస్తకము దొరకక నకలుప్రతులు చేయించుకొనుట మన విద్యార్థులకు అలవాటైపోయినది.

ఇక విషయముల మాట. గ్రూపు-1 మెయిన్సులో ఇంగ్లీషు పత్రము అర్హతకు మాత్రమే. దాని స్థాయి పదవతరగతి. దినమొక సంపాదకీయము చదువువాడు దానికి వెరవ బనిలేదు. మార్కులు లెక్కకు వచ్చునవి ఆరు పత్రములు, ఒక్కొక్కటి 150, వెరసి 900. సాధారణ వ్యాసము, చరిత్ర, సంస్కృతి, భూగోళము, భారత సమాజము, రాజ్యాంగము, పరిపాలన, ఆర్థికవ్యవస్థ, అభివృద్ధి, విజ్ఞానశాస్త్ర సాంకేతికములు, దత్తాంశ విశ్లేషణ, తెలంగాణోద్యమము, రాష్ట్రావతరణము. ఈ పట్టికను మరియొకమారు చదివి చూడుడు. గ్రీకు లేదు, లాటిను లేదు. ఇవన్నియు మన నేల విషయములు! మన కాలువగట్టున నడచియు, మన మిల్లులలో విచారించియు, మన పెద్దల నడిగియు నేర్చుకొనదగిన విషయములను నేర్చుటకు మనము మన యూరిని విడిచిపోవుచున్నాము.

చరిత్రనే తీసికొందము. శాతవాహనులు, ఇక్ష్వాకులు అని కంఠస్థము చేయు విద్యార్థులలో ఎందరు సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్ట నెక్కినారు? అచ్చటి బౌద్ధశిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శింపబడెను; 2024లో అదే గుట్టపై త్రవ్వకములలో మట్టికుండయందు 3,730 సీసపు నాణెములు లభించెను. న్యూయార్కువారు టిక్కెట్టు కొని చూచినదానిని మనము ఒక పూట బస్సు ప్రయాణముతో చూడవచ్చును. నాణెము సీసముతో నేల చేసిరి? ఒక్కచోట అన్ని నాణెములేల దాచిరి? బౌద్ధవిహారము వర్తకమార్గమునకు చేరువగా నేల యుండెను? ఈ ప్రశ్నలు మనస్సున పుట్టినవానికి పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినను భయములేదు. సూర్యాపేట ప్రక్కనే పిల్లలమఱ్ఱియందు కాకతీయ సామంతులైన రేచర్లవారి ఆలయములును శాసనములును ఉన్నవి. చెరువు త్రవ్వించుట, గుడి కట్టించుట, భూమి దానమిచ్చుట, ఈ మూడును ఒకే శాసనమున కలిసియుండుట చూచినచో కాకతీయుల ఆర్థికవ్యవస్థ పై పదిపుటల నోట్సు అక్కరలేదు.

భూగోళమునకు మిర్యాలగూడ విద్యార్థికన్న అదృష్టవంతుడు లేడు. వాడపల్లివద్ద మూసీ కృష్ణలో కలియుచున్నది. హైదరాబాదు మురికినంతటిని మోసికొనివచ్చు ఆ నీరు కృష్ణలో పడుచోట నిలిచి చూచినవానికి నదీకాలుష్యమనగా ఏమో ఎవరును వివరింప బనిలేదు. నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువకు లాల్‌బహదూరు పేరు పెట్టిరి. ఆ నీరు రాకముందు ఈ నేలలో ఏమి పండెడిదో, వచ్చిన పిదప ఏమి పండుచున్నదో, కాలువ చివరి భూములకు నీరేల అందదో – ఇవి యింటనే తాతను అడిగిన తెలియును. ఆ పైని అంకెలు నేర్చుకొనవలెను: బచావతు ట్రిబ్యునలు కృష్ణయందు 75 శాతము విశ్వసనీయతతో 2,060 టి.ఎం.సి.లున్నవని లెక్కించి, ఉమ్మడి ఆంధ్రప్రదేశునకు 811 కేటాయించినది. 2015లో తాత్కాలికముగా తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశునకు 512 అను పంపకము జరిగినది. అనుభవము ముందుండి అంకె వెనుక వచ్చిన, ఆ అంకెను మరవుట దుర్లభము. అంకె మాత్రమే వచ్చిన, పరీక్ష మరునాడే పోవును.

ఆర్థికశాస్త్రమును గూర్చి మనవారి భయము మరింత విచిత్రము. మద్దతు ధర, సేకరణ, నిలువ, పంపిణీ అను మాటలు గైడులో చదివి నిద్రపోవు విద్యార్థి, లేచి మిర్యాలగూడ మిల్లులవైపు నడచినచో ఆ మాటలు లారీలెక్కి యెదురుగా వచ్చుచుండును. ప్రభుత్వపు ధాన్యమును ఆడించి యిచ్చు మిల్లరు క్వింటాలునకు 67 కిలోల పచ్చిబియ్యము, ఉప్పుడుబియ్యమైనచో 68 కిలోలు, తిరిగి అప్పగింపవలెను. మండు వేసవిలో కోసిన యాసంగి వడ్లను పచ్చిగా ఆడించిన నూక యెక్కువగును. కావున ఉప్పుడు చేయుదురు. ఉప్పుడుబియ్యమును కేంద్రము కొననన్నపుడు 2021-22లో ఎంత రగడ జరిగినదో అందరికిని జ్ఞాపకమే. ధాన్యపుగింజ స్వభావమునుండి కేంద్రరాష్ట్రముల ఆర్థికసంబంధముల దాక ఒక్క తీగయే యున్నది. ఈ పాఠమును అశోకనగరున ఎవరు చెప్పగలరు? మిల్లు గుమాస్తా చెప్పగలడు. కోదాడ, హుజూర్‌నగరు, మేళ్లచెరువు ప్రాంతములలో సున్నపురాయి ఉన్నందున సిమెంటు కర్మాగారములు వచ్చెను. పరిశ్రమ ముడిసరకు చెంత స్థిరపడునను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము పుస్తకమున దొరకదు.

విజ్ఞానశాస్త్ర పత్రమును గూర్చి క్లుప్తముగా చెప్పి విడుతును. ఫ్లోరైడు నీటిని పటిక, సున్నములతో శుద్ధిచేయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనాసంస్థ రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినది. మన జిల్లావారి వంగిన యెముకలవలన ఆ పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినది. దామరచర్ల మండలమున 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము వెలసినది; బొగ్గు, బూడిద, నీరు, నిర్వాసితులు, వెలుగు – వ్యాసపత్రమునకు గూడ అది చాలును.

రాజ్యాంగమును రాజ్యాంగములోనే చదువవలెనని నా వృత్తివారి మొండిపట్టు. దానిని ఇచ్చట విడువజాలను. 243వ అధికరణమును, దాని క్రింది అక్షరములను వరుసగా అప్పగించు విద్యార్థులను చూచినాను. వారిలో అనేకులు తమ పురపాలకసంఘపు సమావేశమునకు గాని, గ్రామసభకు గాని ఒక్కమారైనను పోయినవారు కారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టమును, 2019 నాటి పురపాలక చట్టమును ముందుంచుకొని ఒక్క వార్డు వ్యవహారమును చివరివరకు పరిశీలించిన, పరిపాలన అనెడి పదమునకు అర్థము తెలియును. సమాచారహక్కు చట్టము 2005 నుండి మనచేతిలో నున్నది. పదిరూపాయలతో దరఖాస్తు పెట్టి, ఒక కార్యాలయము సమాధానమెట్లిచ్చునో, ఎట్లు దాటవేయునో చూచుట మంచి పాఠము.

ఆరవ పత్రము తెలంగాణోద్యమము. 1948 నుండి 1970 వరకు ఒక ఘట్టము, 1971 నుండి 1990 వరకు రెండవది, 1991 నుండి 2014 వరకు మూడవది అని పాఠ్యప్రణాళిక విభజించినది. ఈ పత్రమును మనవారు సులభమని తలచి చెడుచున్నారు. ఉద్యమమున పాల్గొనుట వేరు, దానిని వ్రాయుట వేరు. 1956 పెద్దమనుషుల ఒప్పందము, 1969 ఆందోళనము, ముల్కీ నిబంధనలు చెల్లునని 1972 అక్టోబరు 3న సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు, అందువలన ఆంధ్రప్రాంతమున చెలరేగిన ప్రత్యాందోళనము, 1973లో 32వ సవరణ, 371-డి అధికరణము, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబరు 30 నాటి 610 జి.ఓ. – ఇవి గొలుసులోని కడియములు. ఒకటి విడిచిన రెండవది అర్థము కాదు. 610ని గూర్చి ఉపన్యాసములిచ్చినవారు వేలు. దానిని చదివినవారు కొద్దిమంది. అది పెద్ద పత్రమేమియు కాదు; ప్రతి పఠనాలయమున దాని ప్రతి యొకటి అట్టకట్టి యుంచవలెను. ప్రణాళిక 1948లో మొదలైనను మన ప్రాంతపు విద్యార్థి కొంచెము వెనుకకు పోవుట మేలు. భీమ్‌రెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యము పుట్టిన నేల యిది. వెట్టి ఏమో తెలియనివాడు 1948ని గూర్చి ఏమి వ్రాయగలడు?

యూనియను పరీక్షకు పోవువారికి ఐచ్ఛిక విషయమును ఎన్నుకొనుట తలనొప్పిగా నున్నది. ఈ యేడు ఏ విషయమున మార్కులు దండిగా వచ్చుచున్నవి అని సంతలో ధర అడిగినట్లు అడుగుచున్నారు. మన హుజూర్‌నగరు ఆడబిడ్డ నూకల ఉమాహారతి 2022 పరీక్షలో దేశమున మూడవస్థానము పొందినది. హైదరాబాదు ఐ.ఐ.టి.లో సివిలు ఇంజనీరింగు చదివిన ఆమె, ఐచ్ఛికముగా మానవశాస్త్రమును చేపట్టినది; గెలుపు అయిదవ యత్నమున వచ్చినది. 2016 పరీక్షలో మూడవస్థానము పొందిన రోణంకి గోపాలకృష్ణ శ్రీకాకుళము జిల్లాకు చెందిన ప్రభుత్వోపాధ్యాయుడు. ఆయన ఐచ్ఛికము తెలుగు సాహిత్యము. ఇద్దరి విషయములు వేరు, స్థానము ఒక్కటే. మార్కుల ధర విషయమున లేదు. దానితో రెండుమూడేండ్లు విసుగులేక కాపురము చేయగలుగుటలో నున్నది.

ఇంత చెప్పినను ఒక ఆక్షేపణ మిగులును. పఠనాలయమున కూర్చుండినంతమాత్రమున ఉద్యోగములు వచ్చునా? రావు. నాలుగు లక్షలమందికి 563 ఉద్యోగములనగా సుమారు ఏడువందల మందికొక్కటి. హైదరాబాదు పోయినను ఈ లెక్క మారదు. ఆ ఏడువందలలో మిగిలినవారందరును తిరిగి మన మధ్యకే రావలసినవారు. గైడును కంఠస్థము చేసి ఓడినవాడు ముప్పదేండ్ల వయస్సున శూన్యహస్తములతో, ముఖము చాటుచేసికొని వచ్చును. కాలువలెక్క, ధాన్యపులెక్క, పురపాలక చట్టము, శాసనలిపి నేర్చి ఓడినవాడు ఊరికి పనికివచ్చు మనిషిగా వచ్చును. విలేఖరి కావచ్చును, ఉపాధ్యాయుడు కావచ్చును, రైతుసంఘమునకు కార్యదర్శి కావచ్చును. చదివిన విధానమునుబట్టియే ఓటమి విలువ మారుచున్నది. ఈ మాట ఉద్యోగము రానివారిని ఓదార్చుటకు చెప్పుచున్నది కాదు. చదువు మొదలుపెట్టకముందే వారి తల్లిదండ్రులు ఆలోచింపవలసినది.

మరియొక మాట. హైదరాబాదు పోవుట కుమారుల విషయమున వ్యయప్రశ్న. కుమార్తెల విషయమున అది అనుమతి ప్రశ్న. ఉమాహారతివంటివారిని పత్రికలలో చూచి మెచ్చుకొను గృహస్థులే తమ యింటి బిడ్డను అద్దెగదికి పంపుటకు సమ్మతింపరు. పెండ్లి సంబంధము కుదురువరకు చదువుకొనుమందురు. ఊరిలోనే రాత్రి తొమ్మిదింటివరకు తెరచియుండు, దీపము సరిగానుండు, మంచినీరును మరుగుదొడ్డియు గల పఠనాలయమున్నచో ఆ బిడ్డలకు ఇంట నుండియే దారి యేర్పడును. మన గ్రంథాలయములు అనేకము సాయంకాలము పెందలకడనే మూతపడుచున్నవి. పెద్దలు దినపత్రిక చదివి వెళ్లుటకు తప్ప పరీక్షార్థికి ఆ వేళలు పనికిరావు.

పుస్తకములు, వేళలు కుదిరిన పిదప కావలసినది సమాధానములు దిద్దువారు. మెయిన్సులో ఓడువారిలో అనేకులు తెలియక కాదు, వ్రాయ అలవాటు లేక ఓడుచున్నారు. మూడుగంటలపాటు విరామము లేక తెలుగున వ్రాయగల చేతులు ఇప్పుడు ఎన్ని? వారమున కొక్క సాయంకాలము విశ్రాంత అధ్యాపకుడొకడు చరిత్రను, బ్యాంకు అధికారి యొకడు ఆర్థికమును, వ్యవసాయాధికారి యొకడు నీటిపారుదలను, న్యాయవాది యొకడు రాజ్యాంగమును దిద్ది, తప్పు ఎచ్చటనున్నదో ముఖాముఖి చెప్పినచో చాలును. ఇంగ్లీషు పదమును తెలుగు పదమును రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసికొను అలవాటు చేయించిన, ప్రశ్నపత్రపు వికృతానువాదము వారిని బాధింపదు. మూడు పట్టణముల న్యాయవాదులలో దీనికి సిద్ధముగా నున్నవారు కొరవడరని నా నమ్మకము. రుసుము పుచ్చుకొనరాదు, పుచ్చుకొన్ననాడు అది మరియొక కోచింగు సెంటరగును.

ధనమెక్కడిది అందురేమో. ధనము మనము ఇదివరకే చెల్లించుచున్నాము. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు పన్ను వసూలగుచున్నది. స్థానికసంస్థ దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయసంస్థకు జమకట్టవలెను. అనేకచోట్ల ఆ సొమ్ము వసూలైనను సకాలమున జమకాక బకాయిపడుచున్నదని వార్తలు వచ్చుచునే యున్నవి. సూర్యాపేట, కోదాడలు ఒక జిల్లా, మిర్యాలగూడ వేరొక జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినవి గనుక ప్రశ్న రెండు సంస్థలకు పోవలెను. పాఠకులు తమ యింటిపన్ను రసీదును పెట్టెనుండి తీసి చూతురు గాక. అందు గ్రంథాలయపు పన్ను ఎంతయో గుర్తించి, మూడు ప్రశ్నలను వ్రాతమూలముగా తమ పురపాలకసంఘమునకు పంపవలెను: గత అయిదేండ్లలో ఈ పద్దు క్రింద ఎంత వసూలైనది? జిల్లా సంస్థకు ఎంత జమయైనది? అందు ఎంత సొమ్ముతో తెలుగు విషయగ్రంథములు కొనబడినవి? జవాబు ముప్పదిదినములలో రావలెనని చట్టము. వచ్చిన జవాబులను, రాకున్న ఆ సంగతిని, మా కార్యాలయమునకు పంపినచో ఈ పుటయందే పట్టణమువారీగా ప్రకటింతుము.